విమర్శనము - దూషణము

కావ్యమును చదివినవాఁడు దానిని గూర్చి యొక మాట చెప్పక యుండఁజాలఁడు. ఆ మాట రెండు తెఱఁగుల నుండును. ఒకటి చదువరిని మఱల గ్రంథమునొద్దకుఁ గొనిపోవును. రెండవది కవిచేతిలోని గంటమును జాఱవిడిపించును. మొదటిది విమర్శనము, రెండవది దూషణము. ఈ రెంటికిని గల భేదము వాక్కునందలి మార్దవకాఠిన్యములలో నున్నదని పెక్కండ్రు తలంతురు. మృదువుగాఁ బలికినది విమర్శన మనియు, కటువుగాఁ బలికినది దూషణ మనియు వారి యభిప్రాయము. తెలుఁగు సారస్వతచరిత్రము దీనిని సమర్థింపదు. భేదము వేఱొకచోట నున్నది. అది యెక్కడనో తెలిసికొనుట పండితులకును, ముఖ్యముగా బాలుర రచనలను దిద్దు నుపాధ్యాయులకును ఆవశ్యకము.

మొదట శబ్దములను జూతము. విమర్శశబ్దమునకు మూలమైన మృశ్ ధాతువునకు స్పృశించుట యర్థము. వస్తువును చేతితోఁ దడవి చూచినట్లు బుద్ధితోఁ దడవి చూచుటయే విమర్శము. ముట్టకయే పలికినది విమర్శము కానేరదని శబ్దమే చెప్పుచున్నది. ఇఁక దోషము, దూషణము అను రెండును దుష్ ధాతువునుండియే పుట్టినవి. కాని యాలంకారికులు దోషమునకు శాస్త్రమునఁ దావిచ్చిరి, దూషణమున కీయలేదు. మమ్మటుఁడు కావ్యప్రకాశ సప్తమోల్లాసమున దోషములను బదమునందును, వాక్యమునందును, అర్థమునందును, రసమునందును జూపెను. ఆ పట్టికలో కవియొక్క కులమునకుఁ గాని, రూపమునకుఁ గాని, నడవడికిఁ గాని చోటు లేదు. దోషమునకు స్థానము కావ్యమే కాని కర్త కాదు.

ఆ మమ్మటుఁడే కావ్యము దోషరహితమై యుండవలె నని లక్షణము చెప్పఁగా, సాహిత్యదర్పణకర్త యగు విశ్వనాథుఁడు దాని నంగీకరింపలేదు. అట్లయినచో లోకమునఁ గావ్యమనఁదగినది మిక్కిలి యరుదగు ననియు, పురుగు తొలిచిన రత్నము రత్నత్వమును గోల్పోనట్లే స్వల్పదోషముగల కావ్యమును గావ్యమే యనియు నాతని వాదము. పూర్వాచార్యుని మతమును ఖండించుటలో నాతఁడు జంకలేదు. హేతువు చూపకయు విడువలేదు. తెలుఁగునాట మెదకు సీమలోని కొలిచెలమకుఁ జెందిన మల్లినాథసూరి సంజీవనీ వ్యాఖ్యారంభమున, దుర్వ్యాఖ్యలనెడు విషముచేఁ గాళిదాసుని వాక్కు మూర్ఛిల్లిన దని పలికెను. ఇంతకంటెఁ గటువైన నింద వ్యాఖ్యాతలకు వేఱొండు లేదు. అయినను మూలమున లేనిదానిని వ్రాయ నని తనకుఁ దానే నియమము విధించుకొని, శ్లోకము శ్లోకమునకును అర్థము చెప్పి చూపెను. విషమని యూరకుండక విఱుగుడును సమకూర్చెను. కనుకనే యాతని కాఠిన్యము విమర్శనమైనది.

తెలుఁగు కావ్యములయందలి కుకవినిందయు నిచటఁ దలఁపఁదగినది. ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతులతోఁబాటు కుకవినింద చేయుట పీఠికలలో నాచారమయ్యెను. ఆ నింద యెంత తీవ్రమైనదైనను సామాన్యముగా నొకని పేరు పెట్టి చేసినది కాదు, దుష్టరచనమునకుఁ జేసినది. దీనికి భిన్నమైనది తిట్టుకవిత్వము. వేములవాడ భీమకవిని గూర్చిన కథలలో కవివాక్కు శాపమై యెదుటివాని సంపదను, ప్రాణమును హరించుచుండును. ఆ కథల సత్యాసత్యములెట్లున్నను, పద్యముతో మనుష్యుని నాశనము చేయుట యొక ఘనతగా మన జనము చెప్పికొనిన దనుటకు నవి సాక్ష్యములు. దూషణమునకు మనలోఁ బ్రాఁత వేళ్లు లేకపోలేదు.

నంద్యాల సీమకు నీ చర్చతో దగ్గఱి సంబంధము కలదు. పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకితము చేసెను. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారమును ప్రకటించి, యా కావ్యమును నూతనదృష్టితోఁ బరిశీలించెను. కథాకల్పన మెట్లు నడచినది, పాత్రములు జీవకళతో నున్నవా, వర్ణనలు కథకుఁ దోడ్పడుచున్నవా యని యాతఁ డడిగిన ప్రశ్నలు నాఁటి పండితులకుఁ గ్రొత్తవి. సూరన కల్పనాశక్తిని మెచ్చినవాఁడే ప్రబంధకవుల వర్ణనాతిరేకమును గట్టిగా నధిక్షేపించెను. వసుచరిత్రాభిమానులకుఁ గోపము వచ్చుట వింత గాదు. ఖండనములు వెలువడినవి. కాని యా ఖండనములు వ్రాయుటకై యైనను పండితులు మఱల ప్రబంధములను దెఱవవలసి వచ్చెను. కోపము పుట్టించియు గ్రంథమును జదివించినది గావున నది విమర్శనమే.

కల్పితకథల విషయమునను నీ సీమకుఁ బాలు కలదు. 1886లో కర్నూలు మండల చరిత్రమును, వివరములను సంకలనము చేసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టియే 1872లో శ్రీరంగరాజచరిత్రమును రచించెను. 1880లో గ్రంథరూపమునఁ బ్రకటింపఁబడిన వీరేశలింగము రాజశేఖరచరిత్రమునకును దీనికిని నడుమ, ఏది మొదటి తెలుఁగు నవల యను వివాదము చిరకాలము సాగినది. వాదములు చేసినవారు వస్తువును, పాత్రచిత్రణమును, సంఘజీవన ప్రతిబింబమును గొలమానములుగాఁ జేసికొనిన చోట నవల యననేమో తెలుఁగువారికిఁ దెలిసివచ్చినది. రాజశేఖరచరిత్రముపైఁ గాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వివేకచంద్రికావిమర్శనమను గ్రంథమునే రచించెను. సంస్కారవిషయములలో నాతఁడు వీరేశలింగమునకుఁ బ్రతిపక్షి. ప్రతిపక్షి యొక నవలపై గ్రంథము వ్రాయుట, దానిని శ్రద్ధతోఁ జదువుటచేతనే సాధ్యము. ఆ శ్రద్ధయు నొకవిధమగు గౌరవమే.

అదే కాలమున మఱియొక మార్గమును గానవచ్చును. కొక్కొండ వేంకటరత్నము పంతులు ఆంధ్రభాషాసంజీవనిని, వీరేశలింగము 1874 నుండి వివేకవర్ధనిని నడుపుచుండిరి. కొక్కొండవారు హాస్యవర్ధని యనియు, కందుకూరివారు హాస్యసంజీవని యనియు నొకరి పత్రిక పేరు నొకరు వెక్కిరించుచుఁ బత్రికలను వెలువరించిరి. తరువాత తిరుపతి వేంకటకవులకును, వేంకట రామకృష్ణకవులకును జరిగిన కలహమున శతఘ్ని, గీరతము వంటి రచనలు పుట్టినవి. ఫిరంగి పేరు పుస్తకమునకుఁ బెట్టుటలోనే యుద్దేశము తెల్లము. ఇరుపక్షములవారును మహాపండితులు, వారి తగవులలో వ్యాకరణవిషయములును, ఛందోవిషయములును లేకపోలేదు. అయినను గెలుపే పరమార్థమైనపుడు శాస్త్రచర్చ యెక్కడ ముగిసి వ్యక్తినింద యెక్కడ మొదలిడినదో చదువరికిఁ దెలియరాదు. పాండిత్యము దూషణమునుండి యెవ్వనిని గాపాడఁజాలదని యీ తగవులే తెలుపుచున్నవి.

కాఠిన్యము ప్రమాణము గాదనుటకు మఱి రెండు నిదర్శనములు చాలును. 1928లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించిన నేటికాలపు కవిత్వము భావకవులపైఁ జేసిన యాక్షేపణము మిక్కిలి కఠినము. ఆతని తీర్పుల నొప్పుకొననివారే యెక్కువ. అయినను నాతఁడు ప్రాచీనాలంకారశాస్త్రమును గొలమానముగాఁ బెట్టి మాటలాడెను. కొలమానము కనఁబడుచున్నది గావున నది సరియైనది కాదని ప్రతివాది చూపవచ్చును. ఇఁక రెండవది, నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు పూజ్యమని ముడుంబై వేంకటరాఘవాచార్యులు వ్రాసిన మాట. దానిలో తిట్టు లేదు. కంఠము పెంచుటయు లేదు. కాని యొక్క గ్రంథమునైనను విప్పి చూడక యొక సీమనంతయు లేదనిపించినది. దానికి సురవరము ప్రతాపరెడ్డి తిట్టుతో బదులు చెప్పలేదు. ఊరూరనుండి పద్యములు రప్పించి, 354 కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. తిరస్కారమునకు సాక్ష్యమే ప్రత్యుత్తరమైనది. అయినను ప్రతి తిరస్కారమునకు నొక ప్రతాపరెడ్డి దొరకఁడు. దొరకనిచోట నా మాటయే చరిత్రగా నిలుచును.

వేమన విషయమున నట్టిదే జరిగినది. జనులనోట నిలిచిన కవిని బండితులు కవులలో నెంచనొల్లరైరి. సి. పి. బ్రౌను 1829లో నాతని పద్యములను ముద్రింపించెను. పిమ్మట రాయలసీమవాఁడే యగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమనపై నుపన్యాసము లిచ్చి, యాతని కాలమును, మతమును, కవితారీతిని విడివిడిగాఁ బరిశీలించెను. తిరస్కారము ఒక్కమాటలో ముగియును; విమర్శనమునకు నుపన్యాసములే కావలసివచ్చును.

పైయుదాహరణములనుండి విమర్శనలక్షణములు నాలుగు తేలుచున్నవి. విమర్శనము రచనలోని యొక స్థలమును వ్రేలితోఁ జూపును. దూషణము రచయితను జూపును. విమర్శనము హేతువు చెప్పును. దూషణము తీర్పు మాత్రమే చెప్పును. విమర్శనమునకుఁ బ్రత్యుత్తరము సాధ్యము. దూషణమునకు మౌనము గాని ప్రతిదూషణము గాని తప్ప మార్గము లేదు. విమర్శనము పిమ్మట రచన బాగుపడుట కవకాశము కలదు. దూషణము పిమ్మట రచనయే యుండకపోవచ్చును. మెచ్చుకోలును సయిత మీ నాలుగింటిచేతనే పరీక్షింపవలయును. స్థలము చూపని, హేతువు చెప్పని శ్లాఘ వలనఁ గవికి నేమియుఁ దెలియదు.

ప్రసిద్ధులగు కవులు దూషణమును దాఁటి నిలిచిరి. సూరన వంటివారికి నాలుగు శతాబ్దములకుఁ బిమ్మటి నింద యేమి చేయును? అపాయము ప్రారంభకులకు. 2022 వఱకుఁ గర్నూలు జిల్లాలో నుండి నేఁడు నంద్యాల జిల్లాలోఁ జేరిన ప్యాపిలి వంటి యూరిలోని విద్యార్థి తన మొదటి సీసమునో, మొదటి కథనో పంతులుగారి కిచ్చెననుకొందము. మూఁడవ పాదమున యతి తప్పినది. “ఇచట యతిస్థానమున నీ యక్షరము చెల్లదు; ఈ మాటకు బదులు వేఱొకటి వెదకుము” అని చెప్పిన నా బాలుఁడు సాయంకాలమునకు మఱియొక పాదము తెచ్చును. “నీకుఁ గవిత్వ మేల?” యన్నచో నతఁడు దానిని దాఁచివేయును; తన సీమ పలుకుబడిని బరిహసించినచోఁ దన యింటి మాటలనే వ్రాయుటకు సిగ్గుపడును. ఆ దోషము పద్యములోనిది. ఆ సిగ్గు మాత్రము పంతులుగారు పెట్టినది. యతి తప్పిన పాదమును రేపు దిద్దవచ్చును. వ్రాయుట మానిన బాలుని పద్యమును దిద్దు శాస్త్ర మెందును లేదు.