అమ్మ రోడ్డు దాటాలంటే

తెనాలి నుంచి అమ్మ మా దగ్గరికి వచ్చిన వారానికే అడిగింది, "ఇంత శుభ్రమైన ఊళ్లో మనుషులెవరూ నడవరేమే?" అని.

మేముండేది కనాటాలో. 2001లో ఒట్టావాలో కలిసిన ఊరు ఇది. 1960లలో బిల్ టెరన్ ఇక్కడి బీవర్‌బ్రూక్‌ను తోటలాంటి కాలనీగా కట్టించారు. అక్కడ ఇళ్ల మధ్య నుంచి చెట్ల కిందుగా కాలిబాటలుంటాయి. అలాంటి చోట నడక హాయే. చిక్కంతా పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడే.

మనకు కారుంది. అమ్మానాన్నలకు లేదు. మనం ఆఫీసుకు వెళ్లాక వాళ్లకు మిగిలిన స్వేచ్ఛ కాళ్లే. అమ్మ కూడా రోజూ సాయంత్రం కనాటా సెంట్రమ్ దాకా నడిచి, కొత్తిమీరో పాలో తెచ్చేది.

నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి జరిగాక, ఒట్టావాలో నాలుగున్నరకే చీకటి పడుతుంది. అలాంటి ఒక సాయంత్రం నేనూ అమ్మతో వెళ్లాను. టెర్రీ ఫాక్స్ డ్రైవ్ దగ్గర తెల్లమనిషి బొమ్మ వెలిగింది. అమ్మ నాకన్నా రెండడుగులు ముందు దిగింది. ఎర్రలైటు దగ్గర కుడివైపు తిరగబోతున్న కారొకటి పూర్తిగా ఆగకుండానే కదిలింది. నేను కేకేశాను. కారు అమ్మకు మూరెడు దూరంలో ఆగింది.

ఇంటికొచ్చాక అమ్మ మెల్లగా అంది, "చెయ్యి చూపించానే. మన ఊళ్లో అయితే ఆటోవాడైనా ఆగుతాడు."

అమ్మ చెయ్యి చూపించింది నిజమే. ఆ డ్రైవరు ఆ వైపు చూడనేలేదు. కుడికి తిరిగేవాళ్లు ఎడమ నుంచి కార్లు వస్తున్నాయా అనే చూస్తారు. కుడిపక్క నుంచి దాటే మనిషి కంటపడదు. ఒంటారియోలో ఎర్రలైటు ఉన్నా, పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటే కుడికి తిరగొచ్చు. పక్కనే క్యూబెక్‌లోని మాంట్రియల్ ద్వీపంలో మాత్రం అలా తిరగనివ్వరు.

మర్నాడు ఆఫీసుకు వెళుతూ నన్ను నేను గమనించుకున్నాను. నేనూ ఎడమవైపే చూస్తూ కారును ముందుకు పోనిస్తున్నాను! ముందురోజు నేను తిట్టుకున్న డ్రైవరుకూ నాకూ తేడా ఏముంది?

ఆ వారాంతం అమ్మా నేనూ కలిసి కొన్ని అలవాట్లు మార్చుకున్నాం. మన దేశంలో దాటేటప్పుడు ముందు కుడివైపు చూస్తాం. ఇక్కడ వాహనాలు ముందు ఎడమ నుంచి వస్తాయి. అందుకని ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, ఆపైన తిరిగే కార్లు. చెయ్యి బొమ్మ మినుకుమంటుంటే కొత్తగా దిగకూడదు. డ్రైవరు కళ్లు మన కళ్లతో కలిశాకే అడుగు వెయ్యాలి. అమ్మ ముదురు రంగు కోటు మీద మెరిసే పట్టీ కుట్టాను. దాటడానికి సమయం చాలని సిగ్నల్ గురించి చెప్పడానికి నగరం 311 నంబరుంది.

నా వంతు ఒక్కటే. ఎర్రలైటు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి, తిరిగేముందు కుడివైపూ చూడాలి. వెనక కారువాడు హారన్ కొడితే కొట్టనీ.

టెర్రీ ఫాక్స్ 1980లో ఒక కృత్రిమ కాలితో 143 రోజులు ఈ దేశం మీదుగా పరుగెత్తాడు. ఆయన పేరున్న రోడ్డును డెబ్బై ఏళ్ల అమ్మ భయం లేకుండా దాటగలగాలి. అమ్మ మళ్లీ నడకకు వెళుతోంది. ఈసారి మీరు కుడికి తిరిగేటప్పుడు, దయచేసి అటు కూడా ఒకసారి చూడండి. అక్కడ ఎవరి అమ్మో ఉండొచ్చు.