ఆనందపురం ఎంత వెడల్పు?

ఎడమ అంచున చెట్టులా కొమ్మలు విచ్చుకుంటూ, కుడివైపుకు పట్టికలా నిలువు వరుసలుగా సాగే జాబితాలు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ వాడేవారందరికీ పరిచయమే. వాటి రెండు శీర్షికల నడుమనున్న గీతపై మౌస్‌తో రెండుసార్లు నొక్కితే, దానికి ఎడమనున్న నిలువు వరుస తనలోని అతి పొడవైన పేరుకు సరిపడేలా తనంతట తానే సర్దుకుంటుంది. రెప్పపాటులో ముగిసే ఈ సర్దుబాటు వెనుక ఉన్న లెక్క మాత్రం పైకి కనిపించేటంత చిన్నది కాదు.

చెట్టును, పట్టికను కలిపే విషయంలో మొదటినుంచీ రెండు దారులున్నాయి. 1991లో ఆపిల్ విడుదల చేసిన సిస్టమ్ 7లో, ఫైళ్లను చూపే ఫైండర్ జాబితాలోని ఫోల్డర్ పక్కన ఒక చిన్న త్రికోణం ఉండేది. దాన్ని నొక్కితే లోపలి ఫైళ్లు అదే పట్టికలో, కొంచెం కుడికి జరిగి, కిందికి పరచుకునేవి. 1995లో వచ్చిన విండోస్ 95 చెట్టును ఎడమ అరలో, పట్టికను కుడి అరలో ఉంచి, రెండింటినీ వేర్వేరు పరికరాలుగా తయారుచేసింది. మైక్రోసాఫ్ట్ దారి సులువైనదే గాని, అసలు చిక్కును అది విప్పలేదు, పక్కకు నెట్టింది. ఆ చిక్కు, దాని అందం రెండూ త్రికోణం దగ్గరే ఉన్నాయి.

మామూలు పట్టికలో వెడల్పు కట్టడమంటే ప్రతి పేరునూ కొలిచి, వాటిలో పెద్దదాన్ని తీసుకోవడం. చెట్టు ఉన్న వరుసలో పేరుకు ముందు, దాని లోతును బట్టి పెరిగే ఖాళీ ఒకటి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్ కింద విశాఖపట్నం జిల్లా, దాని కింద భీమునిపట్నం రెవెన్యూ డివిజన్, ఆ కింద పూల మార్కెట్‌కు పేరుపడ్డ ఆనందపురం మండలం, అందులో గంభీరం గ్రామం ఉన్న జాబితాను ఊహిస్తే సంగతి తేటపడుతుంది. ఒక్కో మెట్టుకు 20 పిక్సెళ్లు, అంటే తెరపై 20 చుక్కలంత జాగా, వదులుతారనుకుంటే, నాలుగు మెట్లు దిగిన గంభీరం ముందు 80 పిక్సెళ్ల ఖాళీ ఉంటుంది. ఆ పేరు 60 పిక్సెళ్లదే అయినా మొత్తం 140 అవుతుంది కాబట్టి, 90 పిక్సెళ్లున్న ‘ఆంధ్రప్రదేశ్’ను అది అవలీలగా దాటిపోతుంది. అంటే ఇక్కడ వెడల్పు పేరుది మాత్రమే కాదు, ఆ పేరు కూర్చున్న చోటుది కూడా. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, కొత్తగా ఏర్పడిన భీమునిపట్నం డివిజన్‌లోకి ఆనందపురం మారినప్పుడు దాని తల్లి కొమ్మ మారింది గాని లోతు మారలేదు. చెట్టు ఎంత తలకిందులైనా, దాని నుంచి ఈ లెక్కకు కావలసింది మెట్ల సంఖ్య ఒక్కటే.

పేరును కొలవడంలో తెలుగు మరో మెలిక పెడుతుంది. అక్షరాల సంఖ్యను సగటు వెడల్పుతో గుణించే పాత ఉపాయం ఇంగ్లీషులో ఏదో ఒకలా గట్టెక్కుతుంది. ప్రతి లిపి సంకేతానికీ ఒక సంఖ్యనిచ్చే యూనికోడ్‌లో ‘ఆనందపురం’ 8 సంకేతాలు, ‘విశాఖపట్నం’ 10 సంకేతాలు. ఆ గుణకారం ప్రకారం రెండోది పావువంతు ఎక్కువ వెడల్పుండాలి. పలికితే రెండూ అయిదేసి అక్షరాలే, ఎందుకంటే ‘ట్నం’ అనే ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు ఇమిడి ఉన్నాయి, అందులోని నకార వత్తు పక్కకు జరగక కిందికి దిగుతుంది. అందుకే సంకేతాలను గుణింతాలుగా, వత్తులుగా పేర్చే యూనిస్క్రైబ్, హార్ఫ్‌బజ్ వంటి యంత్రాంగాల చేత పేరును ముందు కూర్పించి, ఆ తర్వాతే కొలవాలి. ఆ కూర్పుకు కాలం పడుతుంది. (వెడల్పులో మిగిల్చిన చోటును వత్తులు ఎత్తులో వసూలు చేసుకుంటాయన్నది ఇరుకైన అడ్డు వరుసల్లో వత్తులు తెగిపోవడం చూసినవారికి తెలుసు.)

పది పేర్లకు ఈ ఖర్చు లెక్కలోకి రాదు. లక్ష పేర్లయితే తెర బిగుసుకుపోతుంది. కాబట్టి అసలు నైపుణ్యమంతా దేన్ని కొలవకుండా వదలాలో తేల్చుకోవడంలో ఉంది. ముడుచుకున్న కొమ్మలోని పేర్లను వదిలేయడం మొదటి పొదుపు. క్యూట్ అనే ఉపకరణాల సంపుటి, 5.2 కూర్పు నుంచి, మామూలుగా 1000 అడ్డు వరుసలకు మించి చూడదు. దానికి 0 అని చెబితే కంటికి కనిపించేవాటినే, -1 అని చెబితే అన్నింటినీ కొలుస్తుంది. జీటీకే అనే ఇంకో ఉపకరణాల సంపుటి మరో సంగతి ఆలోచించింది. కొమ్మ విచ్చినప్పుడల్లా వరుస విస్తరించి, ముడిచినప్పుడల్లా కుంచించుకుపోతే, దాని కుడివైపున్న వరుసలన్నీ అటూఇటూ ఊగి చదువుతున్న కంటికి గురి తప్పుతుంది. అందుకని అది పెరగడమే గాని తగ్గని పద్ధతిని మామూలు పద్ధతిగా పెట్టుకుని, ప్రతి మార్పుకూ కొత్తగా కొలిచే పద్ధతి పెద్ద జాబితాలకు సమర్థంగా పనిచేయదని తన పత్రాల్లోనే హెచ్చరించింది. కొంత ఖాళీ వృథా అయినా, క్యూట్, జీటీకే రెండింటిలో మర్యాద తెలిసినది జీటీకే పద్ధతే.

విండోస్ పట్టికలో, వరుస తనంతట తానే సర్దుకోవాలనే ఇదే కోరికకు -1, -2 అనే రెండు గుర్తులున్నాయి. మొదటిది లోపలి పేర్లను మాత్రమే కొలుస్తుంది, రెండోది శీర్షికను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చివరి వరుసకు -2 ఇస్తే అది మిగిలిన జాగానంతా ఆక్రమిస్తుంది. తర్వాతి కాలంలో ఈ కొలతల పని చాలావరకు బ్రౌజర్ల చేతికి పోయింది. అన్ని వరుసలనూ ఒక్కసారిగా సర్దే విండోస్ మీట, కంట్రోల్‌తో కలిపి సంఖ్యల పలక మీది కూడిక గుర్తు, ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నా, సంఖ్యల పలక లేని ల్యాప్‌టాప్‌లలో దాన్ని నొక్కడానికి చోటే లేదు.