అంకె చూసి మోసపోకండి



మా అబ్బాయికి చిన్నప్పటినుంచీ మీటర్ల పిచ్చి. మా యింట్లో సొరుగు లాగితే వైర్లూ, టెస్టర్లూ తప్ప ఒక గుండీ అయినా చేతికి దొరకదు. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత వాడి దగ్గరే కొన్నిటిని వాడడం నేర్చుకున్నాను. ఈ పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు కాపురాలు చేసే మనకు పనికివచ్చే మూడింటి గురించి యివాళ ముచ్చటించుకుందాం.

మొదటిది టీడీఎస్ మీటరు. పెన్నులా వుంటుంది. గ్లాసులో ముంచితే అంకె చూపిస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువైతే కరెంటు బాగా పారుతుంది. ఆ పారడాన్ని కొలిచి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కడుతుందన్నమాట. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటికి 500 లోపు మంచిది. వేరే గతి లేకపోతే 2000 దాకా అనుమతి.

మా బోరునీళ్లకు 1100 వచ్చింది, ఫిల్టరు నీళ్లకు 60. ఇంకేం, గ్యాసు ఆదా అనుకుని నీళ్లు కాచడం మానేశాను. పది రోజులు తిరక్కుండా మా చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ల వల్లనే అని ఒట్టేసి చెప్పలేను. కానీ డాక్టరమ్మ “నీళ్లు కాచి పోస్తున్నారా?” అని అడిగితే నాకు నోట మాట రాలేదు. క్రిములు ఉప్పు కాదు గదా, మీటరుకెలా తెలుస్తాయి?

మందుల సంగతీ అంతే. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వుందట. అది తాగేనీరు కాదు లెండి. కానీ 1100 చూపించే నీటిలో అంత మందు కలిసినా మీటరులో అంకె పెద్దగా కదలదు.

రెండవది హెచ్‌టుఎస్ సీసా. మందు వున్న ఆ చిన్న సీసాలో గీత దాకా నీళ్లు నింపి, మూతపెట్టి, ఒకటి రెండు రోజులు వుంచాలి. నీళ్లు నల్లబడితే మలినపు క్రిములు వున్నాయని అనుమానించి, కాచకుండా తాగకూడదు. పరీక్ష అయ్యాక సీసాలో బ్లీచింగ్ పౌడరు వేసి పారబొయ్యండి. పిల్లలకు అందనివ్వకండి.

మూడవది సెల్‌ఫోనులో వేసుకునే ‘సమీర్’ అనే సాఫ్ట్‌వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారిది. ఊళ్లలో పెట్టిన యంత్రాలు కొలిచిన గాలి లెక్క చూపిస్తుంది. 50 లోపు మంచిది, 200 దాటితే బాగాలేదని అర్థం. అయితే ఆ లెక్కలోకి వచ్చేది ధూళి, గంధకపు వాయువు వంటి ఎనిమిది రకాలే. రాత్రిపూట వచ్చే రసాయనాల ఘాటు అందులో వుండకపోవచ్చు. అంకె బాగుంది గదా అని మీ ముక్కును కాదనుకోకండి. కిటికీలు మూసి, వాసన వచ్చిన తేదీ, వేళ క్యాలెండరు మీద రాసుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు అదే ఆధారం.

చెప్పొచ్చేదేమంటే, ఏ మీటరైనా తనను అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. కొనేముందు “ఇది దేన్ని కొలవదు?” అని కూడా అడగండి. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలూ, మందులూ పోవు. బోరునీళ్ల మీద అనుమానముంటే సీసాడు నీళ్లు పరీక్షశాలకు పంపండి.

మా యింట్లో మీటరు సొరుగులోకీ, నీళ్ల గిన్నె మళ్లీ పొయ్యిమీదికీ చేరాయి. సెలవు.