మిణుకు దీపాలు – పిల్లల తలనొప్పి

"పెళ్లి పందిట్లో రంగు దీపాలు వెలిగి ఆరుతూ ఉంటే మావాడు కళ్లు మూసుకుని తలనొప్పి అంటాడండీ. వేషాలేమోనని వాళ్ల నాన్నగారి అనుమానం" అని తల్లులు చెప్పడం వైద్యులకు కొత్త కాదు. చాలా సందర్భాల్లో అది వేషం కాదు, పార్శ్వనొప్పి.

పార్శ్వనొప్పి అంటే సగం తలే నొప్పి పుట్టాలని పెద్దలు అనుకుంటారు. పిల్లల్లో అలా కాదు. తరచు నుదురంతా, రెండు కణతలూ నొప్పి పెడతాయి. మొహం పాలిపోతుంది, వాంతి అవుతుంది, వెలుతురూ చప్పుడూ భరించలేరు. చీకటి గదిలో కాసేపు నిద్రపోయి లేస్తే ఏమీ జరగనట్టు ఆటలకు పరుగెత్తుతారు. బడి ఎగ్గొట్టే నాటకమని ఇంట్లోవాళ్లకు అనిపించేది ఇందుకే! తల్లికో, తండ్రికో, మేనమామకో ఇదే బాధ ఉందేమో కనుక్కోండి. చాలా ఇళ్లలో ఉంటుంది. మిణుకు దీపాలతోపాటు వేళకు తిండి లేకపోవడం, నిద్ర చాలకపోవడం, ఎండ కూడా ఈ నొప్పిని లేపుతాయి. పెళ్లింట్లో ఇవన్నీ ఒకేరోజు కలిసివస్తాయి కదా!

వెలుగుకు మూర్ఛ వచ్చే పిల్లల సంగతి వేరు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో 'పోకెమాన్' అనే టీవీ బొమ్మల కథలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్ల చొప్పున కొద్ది సెకన్లపాటు మెరిశాయి. దాదాపు 685 మంది పిల్లలను ఆస్పత్రులకు చేర్చవలసివచ్చింది. వారిలో చాలామందికి అంతకుముందు ఎన్నడూ మూర్ఛ లేదు. కొందరికి వచ్చింది తలనొప్పి, వికారం మాత్రమే. ఆ కార్యక్రమం నాలుగు నెలలు ఆగి, 1998 ఏప్రిల్‌లో గాని మళ్లీ మొదలు కాలేదు.

అయితే కంగారు పడనక్కరలేదు. మూర్ఛ ఉన్న నూరుగురిలో సుమారు ముగ్గురికే వెలుగు వల్ల వస్తుంది. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగే ప్రమాదం. నెమ్మదిగా వెలిగి ఆరే పందిరి దీపాలకన్నా డీజే వేదికల మీద టపటపా కొట్టే దీపాలను, కొన్ని వీడియో ఆటలను అనుమానించాలి. బస్సు కిటికీలోంచి చెట్ల వరుస మధ్య ఎండ తళుక్కుమన్నా కొందరికి ఇదే పని చేస్తుంది. ఇంట్లో ట్యూబులైటు కొట్టుకుంటూ ఉంటే నెలల తరబడి చూస్తూ కూర్చోక మార్చెయ్యండి.

టీవీ చూసేటప్పుడు గదిలో దీపం ఉండాలి, పిల్లలు దూరంగా కూర్చోవాలి. హఠాత్తుగా మెరుపులు మొదలైతే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, మొహం పక్కకు తిప్పుకోమని నేర్పండి. రెండు కళ్లూ మూసుకుంటే చాలదు, రెప్పల్లోంచి ఎర్రటి వెలుగు లోపలికి పోతుంది.

మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం మనవాళ్లు మానరు. వాటివల్ల ఉపయోగం ఏమీ లేదు. పిల్లవాణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడదగ్గర గుండీలు వదులు చెయ్యండి. నోట్లో చెంచా గాని నీళ్లు గాని పెట్టకూడదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఆగిపోయినా, మొదటిసారి వచ్చిన మూర్ఛ అయితే డాక్టరుకు చూపించాలి.

తలనొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ పిల్లల బరువునుబట్టి డాక్టరు చెప్పిన మోతాదులో. పిల్లలకు సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వకండి. మాటిమాటికి మాత్రలు వేస్తే మాత్రలవల్లే తలనొప్పి పట్టుకుంటుంది. కంటి పరీక్ష ఒకసారి చేయించడం మంచిదే. చూపు బాగుందని తేలాక కళ్లద్దాల దుకాణాల చుట్టూ తిరగడం దండగ. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టి ఉంచితే కళ్లు వెలుతురును మరింత ఓర్చుకోలేకపోతాయి.

తెల్లవారి లేస్తూనే తలనొప్పి, వాంతి, నడక తూలడం, కొత్తగా మెల్లకన్ను, జ్వరంతో మెడ బిగుసుకోవడం, నొప్పి రోజురోజుకూ పెరగడం - వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం మానేసి ఆరోజే డాక్టరుకు చూపించాలి.

మిగిలినవాళ్లు ఒక నోటుపుస్తకంలో నొప్పి వచ్చిన తేదీ, వేళ, ముందురోజు నిద్ర, ఎప్పుడు తిన్నదీ, ఎదురుగా ఏ వెలుగు ఉన్నదీ రాసి పట్టుకెళ్లండి. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం గాని, పిలిచినా పలకకపోవడం గాని జరిగితే సెల్‌ఫోనులో వీడియో తీసి చూపించండి. తలకు పరీక్షలు అవసరమా, కాదా అన్నది డాక్టరు దాన్నిబట్టే తేలుస్తారు.