చారిత్రక నవలలు: మన స్త్రీలు చదువదగిన కొన్ని

మధ్యాహ్నభోజనములు ముగిసి, వంటయిల్లు సర్దుకొనిన పిమ్మట మన యిండ్లలో స్త్రీలకు చిక్కు విరామము గడియయో రెండు గడియలో మాత్రమే. అట్టి స్వల్పకాలమును ఏ పుస్తకమున కీయవలెనన్నది చిన్న ప్రశ్న గాదు. కోటముట్టడులు, మారువేషములు, అర్ధరాత్రపు గుఱ్ఱపుస్వారీలు, రాచనగరుల కుట్రలు గల కథలనిన మనలో ననేకులకు మిక్కిలి ప్రీతి. ఒక నవల ముగించినంతనే "ఇట్టిది మఱియొకటి యేది?" యని వెదకు సోదరీమణులకొఱకే యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందు మేము పేర్కొను గ్రంథములలో పెక్కింటికి మన కృష్ణాతీరముతో సంబంధము గలదు. కొన్నిటి కథ యిచ్చట జరిగినది. కొన్నిటిని వ్రాసినవా రిచ్చటివారు.

నవలలు చదివినచో ఆడుపిల్లల బుద్ధి చెడునని యొకప్పుడు పెద్దలు పలుకుచుండిరి. ఇప్పటికిని ఆ మాట పూర్తిగా మాసిపోలేదు. కాని చారిత్రక నవల విషయమున ఆ భయమునకు తావు లేదని మా యభిప్రాయము. పాఠశాలలో చదివిన చరిత్ర యెట్టిది? రాజుల పేరులు, యుద్ధముల తేదీలు, పరీక్ష ముగియగానే మఱచిపోవు పట్టికలు. అందు రాణులకు ఒక పంక్తి, సామాన్యస్త్రీలకు ఆ పంక్తియు లేదు. నవలాకారుడు ఆ శూన్యస్థలమున దీపము పెట్టును. ఆనాటి స్త్రీ యేమి కోరెను, దేనికి వెఱచెను, ఆపదలో నేమి చేసెను అను ప్రశ్నలు మన మనస్సులలో పుట్టించును.

తొలినాళ్లు

తెలుగున మొదటి చారిత్రక నవలగా పలువు రెన్నునది 1896లో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు రచించిన "హేమలత". టాడ్ దొర వ్రాసిన రాజస్థాన చరిత్ర యిందుకు ఆధారము. ఆ కాలమున మన రచయితలకు వీరకథ యనగానే రాజపుత్రస్థానమే తోచుచుండెను. ఏలన, మన దేశచరిత్ర మనకింకను తెలియదు.

ఆ లోపమును తీర్చుటకు పూనినవారిలో ముఖ్యులు కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలికి వారు ప్రాణమువంటివారు. చిలుకూరి వీరభద్రరావు గారి "ఆంధ్రుల చరిత్రము" ప్రథమభాగమును 1910లో ప్రకటించిన దీ మండలియే. చారిత్రక నవలలను ప్రోత్సహించి ప్రకటించినదియు నిదియే. కేతవరపు వేంకటశాస్త్రి గారి "రాయచూరు యుద్ధము" అట్లు వెలువడినదే. 1520లో శ్రీకృష్ణదేవరాయలకును బీజాపురపు సుల్తానునకును జరిగిన పోరాట మందలి విషయము. లక్ష్మణరావు గారి యక్కగారు భండారు అచ్చమాంబ గారు "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించి పూర్వస్త్రీల చరిత్రలను మనకు సమకూర్చిరి. తమ్ముడు దేశచరిత్రను, అక్క స్త్రీల చరిత్రను వెలికితీసిరి. మన మీనాడు చదువు వీరనారుల కథల కీ యిరువురి శ్రమయు పునాదియని మఱవరాదు.

గ్రంథములు పుట్టిన చాలునా? చదువువారి చేతికి చేరవలదా? 1914 ఏప్రిలులో బెజవాడయందు అయ్యంకి వేంకట రమణయ్య గారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినప్పుడు, దాని కధ్యక్షత వహించినవారు "హేమలత" కర్తయగు చిలకమర్తివారే. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణ పడమటి డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయము నడిపించిరి. ధాన్యపు బస్తాలు మోయు పడవలకు తోడు పుస్తకముల పడవయు కాలువగట్టు గ్రామములకు వచ్చినదని విన్నప్పుడు, పట్టణమునకు పోజాలని స్త్రీల కది యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కృష్ణాతీరపు కథలు

ఈ మార్గమున క్రొత్తగా అడుగిడువారికి మేము మొదట సూచించునది అడివి బాపిరాజు గారి "హిమబిందు". బాపిరాజు గారు కవులు, చిత్రకారులు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాల కధ్యక్షులుగా నుండినవారు. చిత్రకారుని కన్ను వారి వచనమందంతటను కనుపించును. శాతవాహనుల కాలమున ధాన్యకటకమున జరిగిన కథ యిది. శిల్పి కుమారుడగు సువర్ణశ్రీ, గొప్ప వర్తకుని కూతురగు హిమబిందు పరస్పరము ప్రేమింతురు. తండ్రి కోరిక వేఱు. ఇంతవఱకు సామాన్యప్రేమకథయే. కాని రాజవంశముపై పగబట్టిన స్థౌలతిష్యుడు తన మనుమరాలిని బాల్యమునుండి విషమునకు అలవాటుపఱచి విషకన్యగా పెంచును. పగకు పనిముట్టుగా పెరిగిన ఆ బాలికకు సయితము హృదయ మొకటి యుండునుగదా! ఆమె పాత్రయే మమ్ము హిమబిందుకంటె నెక్కువగా కలచినది. పెద్దల పంతములకు ఆడుపిల్లల జీవితములు ఆహుతియగుట ఆ యుగముతోనే ముగిసినదా యని చదువరి తన్ను తాను ప్రశ్నించుకొనక తప్పదు.

దీని తరువాత వారి "అడవి శాంతిశ్రీ" చదువవలెను. కృష్ణ కెగువనున్న విజయపురిలో ఇక్ష్వాకురాజు లేలిన కాలపు కథ యిది. ఈ నాయిక పేరు కల్పితము గాదు. నాగార్జునకొండ శాసనములలో చాంతమూల మహారాజు కుమార్తెగా కనుపించును. ఆ లోయయందు చైత్యములకు, విహారములకు దానము లొసంగినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే. రాణులేకాక బోధిశ్రీ యను ఉపాసికయు తన ధర్మకార్యములను శిలపై చెక్కించినది. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నది. త్రవ్వకములలో దొరకిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండపైకి తరలించి నిలిపిరి. ఊరు నీటిపాలయినను, ఆ యూరి యాడుబిడ్డ పేరు నవలలో నిలిచినది.

వేంగి, రాజమహేంద్రవరము

బాపిరాజు గారిదే "అంశుమతి" యను నవల చాళుక్య కుబ్జవిష్ణువర్ధనుడు వేంగి కేతెంచిన కాలమునకు సంబంధించినది. ఏలూరు చెంతనున్న పెదవేగియే నాటి వేంగి. విష్ణుకుండినుల పాలన పోయి చాళుక్యుల పాలన వచ్చిన ఆ సంధికాలమును గూర్చి చదివి, పిమ్మట బెజవాడ కెదురుగా నది కావలనున్న ఉండవల్లి గుహలను చూచినయెడల రాళ్లు మాటాడినట్లుండును.

నోరి నరసింహశాస్త్రి గారు రేపల్లెలో న్యాయవాదవృత్తి సాగించుచు మన వాఙ్మయచరిత్రనే నవలలుగా మలచిన పండితులు. 1949లో వెలువడిన వారి "నారాయణభట్టు"లో రాజరాజనరేంద్రుని కాలపు రాజమహేంద్రవరము ప్రత్యక్షమగును. నన్నయభట్టు భారత రచనకు నారాయణభట్టు తోడ్పడుట మనమందఱము వినియున్నదే. అయితే ఆ భారతము పుట్టిననాటికి రాజ్యమున శాంతి యుండెనా? సవతితమ్ముడగు విజయాదిత్యుని వైరము, చోళచాళుక్యుల పోరు, ఇన్నిటి నడుమ ఆదికావ్యము వెలసినదని యెఱిగినప్పుడు దానిపై గౌరవము ఇనుమడించును. బాపిరాజు గారి వేగము శాస్త్రి గారియందు లేదు. వీరి నడక పండితుని నడక. తొలి ముప్పది పుటలు ఓపికతో చదివినవారికి మిగిలినది ఫలము.

తమిళదేశపు కల్కి గారి "పొన్నియిన్ సెల్వన్" తెలుగు అనువాదమును చదివిన సోదరీమణులు దానివెంటనే "నారాయణభట్టు"ను చేతబట్టుట మంచిది. కల్కిగారి నవలకు నాయకుడైన రాజరాజచోళుని కుమార్తె కుందవ్వ మన వేంగి విమలాదిత్యుని పెండ్లాడినది. ఆమె కుమారుడే రాజరాజనరేంద్రుడు. అనగా ఆ కథలోని వారి మనుమని కథ మన గోదావరియొడ్డున సాగినదన్నమాట.

ఒక రాణి, రెండు నవలలు

కాకతీయ రుద్రమదేవిపై చదువదగిన నవలలు రెండు గలవు. బాపిరాజు గారి "గోన గన్నారెడ్డి" సాహసప్రియులకు నిండువిందు. పెండ్లిపీటలమీదినుండి పెండ్లికొడుకునే యెత్తుకొనిపోవు గన్నారెడ్డి, తనకు తప్పిన పెండ్లిని శాపముగా గాక స్వేచ్ఛగా మార్చుకొని రుద్రమదేవి కొలువు చేరు అన్నాంబిక, తిరుగుబాటు సామంతుల కుట్రలు, ఇవి చదువరిని పుస్తకము మూయనీయవు. గజదొంగగా పేరుపడినవాడే రాణికి నిజమైన బంటు అగుట యిందలి రహస్యము. 2015లో వెలువడిన "రుద్రమదేవి" చలనచిత్రమున గన్నారెడ్డిని చూచినవారు ఈ నవలను చదివిన నూతనానందము పొందుదురు.

నోరివారి "రుద్రమదేవి" గంభీరమైనది. ఆడుది సింహాసన మెక్కినప్పుడు సామంతులకు కలిగిన అసూయ, మతభేదముల చిక్కులు, రాజనీతి యిందు ప్రధానములు. ముందు బాపిరాజు గారిది, పిదప శాస్త్రి గారిది చదివి పోల్చుకొనుట మేలు.

ఈ కథతో మన దివిసీమకును బంధుత్వము గలదు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు దివిసీమను జయించి, అచ్చటి అయ్యవంశపు కన్యలగు నారాంబ, పేరాంబలను పెండ్లాడెను. వారి సోదరుడు జాయపసేనాని "నృత్తరత్నావళి" రచించిన ప్రాజ్ఞుడు.

దక్షిణపు తెలుగుకొలువులు

కృష్ణామండలమందలి నందమూరున జన్మించి, విజయవాడలో చిరకాలము నివసించిన విశ్వనాథ సత్యనారాయణ గారి "ఏకవీర" మధుర నాయకరాజుల కాలపు కథ. కుట్టాన్ సేతుపతి మీనాక్షిని ప్రేమించి ఏకవీరను పెండ్లాడును. వీరభూపతి ఏకవీరను ప్రేమించి మీనాక్షిని పెండ్లాడును. ఆ యిరువురు ప్రాణమిత్రులు! కత్తియుద్ధము లిందు కొద్ది. మనస్సులలోని యుద్ధము మెండు. విషాదాంతమగుటచే దీనిని లేతవయసు బాలికల కీయక, సంసారానుభవము గలవారు చదువుట యుచితము.

దీనికి జోడుగా మల్లాది వసుంధర గారి "తంజావూరు పతనము" చదువవలెను. చారిత్రక నవల పురుషుల సొత్తని తలచువారికి ఈమె రచనలు సమాధానము. తంజావూరున తెలుగు నాయకరాజుల పాలన 1673లో మధుర చొక్కనాథుని దండయాత్రతో అంతరించెను. తెలుగు యక్షగానములు పాడిన సభ, రంగాజమ్మవంటి కవయిత్రిని సత్కరించిన సభ ఒక్క యుద్ధముతో మూగవోయినది. ఆ కథను ఒక స్త్రీ కలమునుండి వినుట మనకు విశేషము.

స్వదేశపు కథలు చాలునన్నవారిని సయితము తెనాలిలో జన్మించిన తెన్నేటి సూరి గారి "చంఘిజ్ ఖాన్" వశపఱచుకొనును. చిన్ననాట తండ్రిని కోల్పోయి, తెగవారిచే విడువబడిన బాలుడు 1206లో మంగోలులందఱకు ప్రభువగుట యిందలి వృత్తాంతము. బిడ్డలను ఆకలిలో, చలిలో కాపాడిన తల్లి లేనిదే ఆ ప్రభువు లేడు. రక్తపాతము హెచ్చుగా నున్నదని మాత్రము ముందే చెప్పుచున్నాము.

ఎట్లు చదువవలెను?

ఒక్క హెచ్చరిక. నవల చరిత్ర గాదు. సంభాషణలు, ప్రేమలు, రహస్యమార్గములు రచయిత కల్పన. శాసనములు, నాణెములు, శిల్పములు చరిత్రకు సాక్ష్యములు. ఉదాహరణమునకు, నవలలలో రుద్రమదేవి విజయలక్ష్మివలె వెలుగొందును. నల్లగొండ ప్రాంతమున చందుపట్లలో దొరకిన 1289 నాటి శాసనమో, ఆమెకును సేనాని మల్లికార్జునునకును పుణ్యముగా చేసిన దానమును తెలుపుచు ఆమె మరణమును సూచించుచున్నది. ఒకటి మనకు ఉత్సాహము నిచ్చును. ఇంకొకటి సత్యము నిచ్చును. రెండును కావలెను. కావున నవల ముగించిన పిదప "ఇందు నిజమెంత?" యని పిల్లలచేత అడిగింపుడు. ఆ ప్రశ్నయే చరిత్రాభ్యాసమునకు ఓనమాలు.

వీరరసము పేర పరమతమువారిని, పరదేశీయులను రాక్షసులుగా చిత్రించు నవలలును లేకపోలేదు. పగ నేర్పు పుస్తకమును ఇంట చేర్పకుండుట గృహిణి చేతిలోని పని.

ఎవరికి ఏది?

పండ్రెండు పదుమూడేండ్ల బాలికకు "గోన గన్నారెడ్డి". శిల్పము, చిత్రలేఖనము నందు ఆసక్తి గలవారికి "హిమబిందు". భారతము చదువుకొను పెద్దవారికి "నారాయణభట్టు". మనస్తత్త్వము నెఱుగగోరువారికి "ఏకవీర". దూరదేశముల సాహసములు కోరువారికి "చంఘిజ్ ఖాన్". వరుసగా చదువదలచినవారు హిమబిందు, అడవి శాంతిశ్రీ, అంశుమతి, నారాయణభట్టు, గోన గన్నారెడ్డి, రాయచూరు యుద్ధము, తంజావూరు పతనము అను క్రమము నవలంబించినచో, పదునాఱు శతాబ్దులకు మించిన తెలుగుల చరిత్ర కథారూపమున కన్నులయెదుట సాగును.

వీనిలో కొన్ని మరలమరల అచ్చగుచునే యున్నవి. తొలినాటివి మాత్రము పాతగ్రంథాలయముల బీరువాలలో వెదకవలసినవి. అడుగువారు లేనిదే ఆ పుస్తకములు చెదల పాలగును. విజయవాడలో ప్రతియేట జనవరి మాసమున జరుగు పుస్తకమహోత్సవమునకు కుటుంబముతో పోవువారు ఈ పట్టికను వెంట తీసికొనిపోవుదురు గాక. నలుగురైదుగురు స్త్రీలు కలిసి తలకొక్క పుస్తకము కొని మార్చుకొనినచో ఖర్చు తగ్గును, చర్చ పెరుగును. సెలవుదినమున పిల్లలను అమరావతికో ఉండవల్లికో తీసికొనిపోయి, ఆ రాళ్ల నడుమ నిలిచి, మీరు చదివిన కథ మీ నోట చెప్పుడు. మన తల్లులు మనకు భారతకథలు చెప్పిరి. మన బిడ్డలకు దానితోపాటు మన నేలకథయు చెప్పు భారము మనది.