చెత్తబండి నుంచి చల్కదాకా

నగరాల తడిచెత్త ఎరువును రైతు వద్దంటున్నాడు. ఆ ఎరువుకు సరిపోయే పంట కంది, పెసర, మినుము!

కూరగాయల తొక్కలు, హోటళ్లలో మిగిలిన అన్నం, మార్కెట్లో వాడిపోయిన ఆకుకూరలు... మన నగరాల చెత్తలో దాదాపు సగం ఇలా కుళ్లేదే. పొలాల్లోంచి పంటగా వచ్చిన సారం ఇది. హైదరాబాదులో ఇది ఏళ్ల తరబడి జవహర్‌నగర్ చెత్తగుట్టకు చేరింది. దీన్ని మళ్లీ నేలకు పంపాలని 2016లో కేంద్రం సిటీ కంపోస్టుకు టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించింది. అయినా రైతులు ఎగబడి కొనలేదు.

యూరియాతో పోలిస్తే...

లెక్క చూస్తే రైతుది తప్పనలేం. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. 0.8 శాతం నత్రజని ఉన్న కంపోస్టుతో అంత ఇవ్వాలంటే రెండున్నర టన్నులకు పైగా తోలాలి. అదీ ఒక్క పంటకాలంలో పూర్తిగా అందదు. వరి రైతుకు ఇది గిట్టుబాటు కాని బేరం.

పప్పుపంటల లెక్క వేరు. వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నేలలో నత్రజని మరీ ఎక్కువైతే ఆ బుడిపెలే తగ్గిపోతాయి. అంటే సిటీ కంపోస్టులోని లోటు ఇక్కడ లోటే కాదు. వర్షాధారపు ఎర్రచల్కల్లో కందికి కావాల్సింది తేమ పట్టే సేంద్రియ పదార్థం, భాస్వరం, సూక్ష్మపోషకాలు. కంది వేళ్లు ఇనుముతో బిగుసుకున్న భాస్వరాన్ని సైతం విడిపించుకోగలవని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లోనే చూపించారు. పైగా రాలిన కంది ఆకు నేలకే చేరుతుంది. తర్వాత వేసే జొన్నకూ అది కలిసొస్తుంది.

చివికిందా, లేదా?

కంపోస్టును ఆఖరి దుక్కిలో కలిపే ముందు పిడికెడు తీసి చూడాలి. మట్టివాసన రావాలి, వేడి ఉండకూడదు. సగం మాగిన ఎరువు వేస్తే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి; బుడిపెలు ఇంకా కట్టని లేత మొక్కలు పసుపెక్కుతాయి. విత్తనానికి రైజోబియం పట్టించడమూ మానకూడదు.

అసలు భయం గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు, బ్యాటరీల్లోంచి దిగే సీసం, కాడ్మియం. పెంకులను జల్లెడ ఆపుతుంది. ఎరువులో కలిసిపోయిన సీసాన్ని ఏ జల్లెడా ఆపలేదు. కిలో కంపోస్టులో సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదన్నది నిబంధన. అది నిలవాలంటే చెత్త ఇంట్లోనే వేరుపడాలి. తడి, పొడి, ప్రమాదకర చెత్తను విడివిడిగా ఇవ్వాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలు చెప్పిందీ అందుకే.

కందిపప్పును మయన్మార్, మొజాంబిక్‌ల నుంచి తెప్పించుకుంటున్న దేశం మనది. నగరాలు కంపోస్టును ముందు పప్పుపంటల మండలాలకు పంపాలి. రవాణా ఖర్చు భరించాలి. ప్రతి బస్తా మీదా పరీక్ష ఫలితం అచ్చువేయాలి. అప్పుడు రైతు దాన్ని చెత్తగా చూడడు, ఎరువుగానే బేరమాడతాడు.