పీట మీద నుంచి లేవడమే తొలి అడుగు

పత్తి తీతలు, మిర్చి కోతలు మొదలైతే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటిల్లిపాదీ పొద్దున్నే పొలం బాట పడతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ మాత్రం గట్టు మీద చెట్టు నీడలోనో, ఇంట్లో నాయనమ్మ దగ్గరో రోజంతా కూర్చునే ఉంటాడు. ఆ నెలల్లో సాధన ఆగితే కండరాలు బిగిసి, వచ్చిన నడక కూడా వెనక్కి పోవచ్చు. అందుకే ఇంటి దగ్గరే చేయించదగిన వ్యాయామాలను ఇక్కడ తెలియజేస్తున్నాము.

ఎందుకు వస్తుంది?

కడుపులో గాని, కాన్పులో గాని, పసితనంలో గాని మెదడుకు కలిగిన దెబ్బ వల్ల ఇది వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. మెదడులోని దెబ్బ పెరగదు. కాని కాళ్లు బిగిసి, బిడ్డ మునివేళ్ల మీద, కాళ్లు కత్తెరలా పడుతూ నడుస్తాడు.

మాలిష్ చాలదా?

నూనె రాసి కాళ్లు సాగదీస్తే బిడ్డకు హాయిగా ఉంటుంది. నడక మెరుగుపడాలంటే మాత్రం కండరాలను బిడ్డే పనిచేయించాలి. బలం పెంచే వ్యాయామంతో బిగుతు ఎక్కువవుతుందన్న భయం వద్దు.

ఇలా చేయించండి

1. పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా పీట మీద కూర్చోబెట్టండి. ముందుకు వంగి లేచి, మెల్లగా మళ్లీ కూర్చోమనండి. తేలికైతే పీట ఎత్తు తగ్గించండి.
2. అరుగు మెట్టు ఒకటి ఎక్కి దిగమనండి.
3. మంచం పట్టె పట్టుకుని పక్కకు అడుగులు వేయించండి.
4. బిడ్డ నడుము ఎత్తున రెండు వెదురు బొంగులు కట్టి, మధ్యలో నడిపించండి. చేతులు పట్టి లాగవద్దు.

నొప్పి అంటే ఆపండి. తుంటి నొప్పి, మూర్ఛలు ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

"ఎప్పుడు నడుస్తాడు?"

తల్లులందరూ మమ్మల్ని అడిగే మాట ఇదే. కెనడా నిపుణులు 1997లో ఈ పిల్లల కదలికలను ఐదు స్థాయిలుగా విభజించారు. మొదటి రెండు స్థాయిల పిల్లలు సాయం లేకుండా, మూడో స్థాయివారు కర్రలు లేదా వాకరుతో నడవగలరు. నాలుగు, ఐదు స్థాయిలవారికి ఎక్కువగా చక్రాల కుర్చీ అవసరం. వారికీ సాధన వృథా కాదు. ఆసరాతో నిలబడగలిగితే స్నానం చేయించడం, ఎత్తుకోవడం తల్లికి తేలికవుతుంది.

సెరిబ్రల్ పాల్సీని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. సర్టిఫికెట్ తీసుకోండి. మండలంలోని భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ గురించి అడగండి. కోతలకు వెళ్లేముందు నాయనమ్మనో, అక్కనో వెంటబెట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరకు రండి. పగలు బిడ్డ దగ్గర ఉండేవారే ఈ సాధన నేర్చుకోవాలి.